నాయన కాలి పుండులో పచ్చరంగు

డ్యూటీ దిగి ఇంటికొచ్చి గుమ్మంలో అడుగు పెట్టగానే వాసన తగిలింది. ద్రాక్షపండ్లు బాగా మాగిపోయి, గంపలో అడుగున నలిగితే వచ్చే తీపి వాసన. ఇంట్లో ద్రాక్షలు లేవు. నాయన మంచం మీద కూర్చుని, కుడికాలు పీట మీద పెట్టుకుని ఉన్నాడు. కట్టు విప్పి ఉంది. విప్పిన గాజుగుడ్డ మీద ఆకుపచ్చ మరక.

పద్దెనిమిదేళ్లుగా తిరుపతిలో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో కల్చర్ ప్లేట్లు, అంటే రోగుల నుంచి తీసిన సూక్ష్మజీవులను పెంచే పళ్లేలు, చదివే పని నాది. ఆ వాసన, ఆ రంగు ఎవరివో నాకు రిపోర్టు రాకముందే తెలుసు. సూడోమొనాస్ ఏరుజినోసా అనే బ్యాక్టీరియా. పొద్దున్నే ఇన్‌క్యుబేటర్ తలుపు తీస్తే ముఖానికి కొట్టే వాసనే అది. కానీ బైరాగిపట్టెడలోని మా ఇంట్లో, నాయన కాలి నుంచి వస్తుంటే నా చేతులు వణికాయి.

నాయనకు 71 ఏళ్లు. పూతలపట్టు దగ్గర మా ఊళ్లో రెండున్నర ఎకరాల చెరకు ఉంది. షుగరు వచ్చి 16 ఏళ్లయింది. చెరకు కొట్టాక మడిలో మిగిలే మోళ్లు కత్తి మొనల్లా ఉంటాయి, కాలు పడితే చెప్పును కూడా చీల్చుకుని దిగుతాయి. నాయనకు అట్లాగే బొటనవేలి కింద దిగింది. షుగరు వల్ల పాదాల్లో నరాలు మొద్దుబారిపోయాయి కాబట్టి ఆయనకు తెలియలేదు. సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే అమ్మ నెత్తురు చూసింది. పసుపు అద్ది గుడ్డ కట్టారు. నాకు రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నారు, ఈ సంగతి మాత్రం చెప్పలేదు. "నొప్పే లేదు కదా పాపా, అదే మానిపోతాదిలే అనుకుంటిని" అన్నాడు తర్వాత.

రెండు వారాలకు పాదం వాచింది. ఒక క్లినిక్‌లో చూపించారు. ఐదు రోజులకు యాంటీబయోటిక్ మాత్రలు రాశారు. తగ్గలేదని వెళితే ఇంకో రకం, మళ్లీ వెళితే మరో రకం. మూడు మందులు మారాయి కానీ ఒక్కసారి కూడా చీము తీసి కల్చర్‌కు పంపలేదు, పుండు తెరిచి లోపల కడగలేదు. పైన అయింట్‌మెంట్ రాసి కట్టు కట్టి పంపేశారు. అట్లా ఐదు వారాలు పోయాయి. ఆ ఐదు వారాల మీద నాకు కోపం ఇంకా పోలేదు. ఈ పోస్టు రాయడానికి కారణం కూడా అదే. ఆ ఐదు వారాల్లో పుండు లోపల ఏం జరిగిందో షుగరున్న అమ్మానాన్నలు ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలని నా కోరిక.

మర్నాడు మా సర్జన్ పుండు లోపలి నుంచి చిన్న కండముక్క తీసి ఇచ్చారు. నేనే ప్లేట్ల మీద గీశాను. వేరేవాళ్లకు ఇవ్వబుద్ధి కాలేదు. 24 గంటలకు బ్లడ్ అగార్ (నెత్తురు కలిపిన జెల్లీ ప్లేటు) మీద రెండు రకాల కాలనీలు వచ్చాయి. ఒకటి పసుపు తిరిగిన తెలుపు, గుండ్రంగా, చుట్టూ నెత్తురు కరిగిపోయిన తేటైన వలయంతో. అది స్టాఫిలోకాకస్ ఆరియస్. ఇంకొకటి చదునుగా పాకి, వెలుతురులో లోహంలా మెరుస్తూ ఉంది. అదే సూడోమొనాస్. పక్కనున్న న్యూట్రియెంట్ అగార్ ప్లేటంతా పచ్చబడిపోయింది.

ఆ తర్వాత ఏ మందుకు చస్తుందో చూసే సెన్సిటివిటీ పరీక్ష పెట్టాను. మందు బిళ్లల చుట్టూ పెద్ద పెద్ద వలయాలు వచ్చాయి. అంటే మందులు పనిచేస్తున్నాయి. నా పక్కన కూర్చునే సీనియర్ మేడమ్ "రెసిస్టెన్స్ లేదమ్మా, దేవుడి దయ" అన్నారు. నేను మాత్రం ఒక బిళ్ల దగ్గర ఆగిపోయాను. సిప్రోఫ్లాక్సాసిన్. దాని చుట్టూ వలయం చాలా వెడల్పుగా ఉంది. నాయన వారం రోజులు మింగింది అదే మందు. ప్లేటు మీద అంత తేలిగ్గా చచ్చే సూక్ష్మజీవి నాయన కాలిలో ఎందుకు చావలేదు?

దీనికి సమాధానం నేను చాలా ఏళ్ల కిందట పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడే నేర్చుకున్నాను. ఉద్యోగంలో పడ్డాక రోజుకు యాభై అరవై ప్లేట్లు, రిపోర్టులు, సంతకాల మధ్య పక్కకు పోయింది. నాయన మంచం పక్కన రాత్రుళ్లు మేలుకున్నప్పుడు పాత నోట్సు తీసి మళ్లీ చదివాను.

దాని పేరు క్వోరం సెన్సింగ్.

కథ సముద్రంలో మొదలవుతుంది. హవాయి తీరంలో బొటనవేలంత స్క్విడ్ ఒకటి ఉంటుంది. దాని పొట్ట కింద ఒక అవయవంలో విబ్రియో ఫిషెరీ అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది, రాత్రిపూట వెలుగిస్తుంది. ఆ వెలుగు పైనుంచి పడే వెన్నెలలో కలిసిపోవడం వల్ల కింద తిరిగే చేపలకు స్క్విడ్ నీడ కనబడదు. ఇట్లా వెలిగే బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచిన నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే శాస్త్రవేత్తలు 1970లో ఒక విషయం రాశారు. తాజా ద్రావణంలో వేస్తే బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది కానీ వెలగదు. సంఖ్య ఒక స్థాయికి చేరాక ఒక్కసారిగా వెలగడం మొదలుపెడుతుంది. వెలుగును పుట్టించే జన్యువులు అంతవరకూ నిద్రలోనే ఉంటాయి. వాటిని లేపేది ఆ బ్యాక్టీరియాలు తమలోంచి తామే బయటికి వదిలే ఒక చిన్న అణువు.

ఈ పద్ధతికి క్వోరం సెన్సింగ్ అని పేరు పెట్టింది 1994లో. క్వోరం అంటే మన పంచాయతీ మీటింగుల్లో అనే కోరమే. నాయన రెండుసార్లు వార్డు మెంబరుగా చేశాడు. చాప మీద సంతకాల పుస్తకం పెట్టుకుని, సరిపడా మెంబర్లు రాక మీటింగు వాయిదా పడిన రోజులు ఆయనకు ఎన్నో తెలుసు. అందుకే ఈ మాట చెప్పగానే ఆయనకు పట్టుబడింది. కానీ వెంటనే ఒక ప్రశ్న వేశాడు.

"మాకు సెక్రటరీ లెక్క పెడతాడు. వాటికి ఎవరు పెడతారు పాపా?"

ఎంత మంచి ప్రశ్న! లెక్క పెట్టేవాళ్లు ఎవరూ లేరు. ప్రతి బ్యాక్టీరియా ఆ అణువును కొంచెం కొంచెంగా బయటికి వదులుతూ ఉంటుంది. ఒకటి రెండు ఉన్నప్పుడు వదిలింది వదిలినట్టు చెదిరిపోతుంది. గుంపు పెరిగేకొద్దీ చుట్టూ ఆ అణువు చిక్కబడుతుంది. ఆ చిక్కదనమే వాటికి లెక్క. నాయనకు బెల్లంతో చెప్పాను. పెనంలో చెరకు రసం గంటలకొద్దీ కాగుతుంది. చూసేవాళ్లకు రసం రసంలాగే ఉంటుంది. చిక్కబడి చిక్కబడి ఒక స్థాయికి వచ్చాక నురుగు తీరు మారుతుంది, నీళ్లలో చుక్క వేస్తే ఉండ కడుతుంది. అప్పుడిక ఆలస్యం లేదు. దించడానికి అందరూ లేవాల్సిందే. నాయన తలూపాడు. పాకం వచ్చే క్షణం పసిగట్టడంలో మా చుట్టుపక్కల ఆయన్ని మించినవాళ్లు లేరు.

చిక్కదనం అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఇక్కడే పుండుకు సంబంధించిన కీలకం ఉంది. పారే నీళ్లలో కోట్ల బ్యాక్టీరియా ఉన్నా అణువు కొట్టుకుపోతుంది, కోరం కుదరదు. పైన పొక్కు కట్టి మూసుకుపోయిన చిన్న గుంటలో అయితే కొద్దిపాటి గుంపు ఉన్నా చాలు, అణువు బయటికి పోయే దారి లేక అక్కడే చిక్కబడుతుంది. నాయన పుండు పైన నల్లగా పొక్కు కట్టింది, దాని కింద గుంట. పైపైన కట్టు కట్టిన ఐదు వారాలు ఆ గుంట మూత తీసినవాళ్లు లేరు.

ఇప్పుడు సూడోమొనాస్ లోపలికి వెళ్దాం. ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి. నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే.

దానిలో లాస్-ఐ అనే ఎంజైమ్ ఉంటుంది. సంకేత అణువును తయారు చేసేది ఇదే. చిన్న వలయం, దానికి 12 కార్బన్ల కొవ్వు తోక, అంతే ఆ అణువు. ఇంకో పక్క లాస్-ఆర్ అనే ప్రోటీన్ ఉంటుంది. సంకేతం అందనంత వరకూ ఈ ప్రోటీన్ సరిగా మడత పడదు, నిలబడదు, విరిగిపోతుంది. సంకేతం చిక్కబడి కణంలోపల దొరికితే దాన్ని పొదువుకుని ఆకారం తెచ్చుకుంటుంది, ఇంకొక లాస్-ఆర్‌తో జతకట్టి డీఎన్ఏ మీద తనకు కేటాయించిన చోట వాలుతుంది. అప్పుడు దాని పక్కనున్న జన్యువులను చదివే యంత్రం కదులుతుంది. అట్లా మేలుకునే జన్యువుల్లో లాస్-ఐ జన్యువు కూడా ఒకటి! అంటే సంకేతం అందితే ఇంకా ఎక్కువ సంకేతం తయారవుతుంది. నెమ్మదిగా పెరగాల్సింది ఒక్కసారిగా ఎగసిపోవడానికి కారణం ఇదే. లాస్ మేలుకుని ఆర్‌హెచ్‌ఎల్ అనే రెండో జంటను లేపుతుంది, పీక్యూఎస్ అనే మూడో వ్యవస్థను కూడా లేపుతుంది. సూడోమొనాస్‌లో మొత్తం 5,570 దాకా జన్యువులు ఉన్నాయని 2000లో తేలింది. వాటిలో 300కు పైగా జన్యువుల పనితీరు ఈ సంకేతాలను బట్టి మారుతుంది.

ఆ జన్యువులు ఏం తయారు చేస్తాయి? ఎలాస్టేస్ అనే ఎంజైమ్, మన కండను సాగదీసి పట్టి ఉంచే పీచును తెగ్గొడుతుంది. రామ్నోలిపిడ్లు, నురుగొచ్చే సబ్బులాంటి పదార్థాలు, సూక్ష్మజీవులను మింగడానికి వచ్చే తెల్లరక్తకణాలను చంపుతాయి. పయోసయనిన్ అనే నీలి రంగు పదార్థం కణాలను లోపలి నుంచి దెబ్బతీస్తుంది. ఆ నీలం, ఇదే బ్యాక్టీరియా చేసే ఇంకో పసుపుపచ్చ రంగుతో కలిసి మనకు కనిపించే ఆకుపచ్చ అవుతుంది. ద్రాక్ష వాసన ఇచ్చే అమినో ఎసిటోఫినోన్ కూడా పీక్యూఎస్ వ్యవస్థ కిందే తయారవుతుంది.

అంటే నేను గుమ్మంలో పట్టిన వాసన, గాజుగుడ్డ మీద చూసిన రంగు, రెండూ కోరం కుదిరిన తర్వాత వచ్చినవే. నాయన కాలిలోకి సూడోమొనాస్ చేరిన రోజు రంగూ లేదు, వాసనా లేదు. నేను చూసేసరికి మీటింగు అయిపోయి, తీర్మానం అమలవుతోంది.

ఒంటరిగా ఉన్నప్పుడు ఎందుకు ఊరుకుంటుంది అంటే, పది కణాలు విషం చిమ్మితే మనకేమీ కాదు, మన తెల్లరక్తకణాలకు మాత్రం కబురు అందుతుంది, వచ్చి మింగేస్తాయి. చేతిలో ఉన్న తిండి అంతా విషం చేయడానికే ఖర్చయిపోతుంది. గుంపు కూడేదాకా కిమ్మనకుండా ఉండి ఒకేసారి విరుచుకుపడితే గెలిచే అవకాశం ఎక్కువ. అది ఆలోచించి చేస్తుందని నేను అనడం లేదు. అట్లా చేసినవే బతికి మిగిలాయి.

ఇక మందు ఎందుకు పనిచేయలేదన్న సంగతి. ఈ గుంపు జిగురును అల్లుకుని అందులో కూర్చుంటుంది. దాన్నే బయోఫిల్మ్ అంటాం. రాతి మీద నాచు పట్టినప్పుడు వేలితో రాస్తే జారుతుందే, ఆ జారుడు లాంటిది. 1998లో అమెరికా శాస్త్రవేత్తలు సంకేతం తయారు చేయలేని సూడోమొనాస్‌ను పెంచి చూశారు. అది పలచగా, చదునుగా పరుచుకుంది కానీ మామూలు సూడోమొనాస్‌లా దిమ్మెలు కట్టలేదు. సబ్బులాంటి రసాయనం పోస్తే మొత్తం ఊడొచ్చేసింది. బయటి నుంచి సంకేత అణువు కలిపితే మళ్లీ మామూలు దానిలాగే గట్టిగా కట్టుకుంది. ఒక్క చిన్న అణువు తేడా.

బయోఫిల్మ్ లోపల అడుగున ఉన్న కణాలు చాలా నెమ్మదిగా బతుకుతాయి. పెరిగే కణాలను దెబ్బతీసే మందు అటువంటివాటిని అంతగా ఏమీ చేయలేదు. జిగురు కూడా కొంత అడ్డుపడుతుంది. మా ల్యాబ్‌లో సెన్సిటివిటీ పెట్టేది తాజాగా పెరిగిన, విడివిడిగా ఉన్న కణాల మీద. అందుకే ప్లేటు "సెన్సిటివ్" అంటుంది, పుండు మాట వినదు. పద్దెనిమిదేళ్లు నేను ఆ ఎస్ అక్షరం రాసి సంతకం పెట్టాను. రిపోర్టు తప్పు కాదు. కానీ అది పుండు గురించి అంతా చెప్పదని, ఎస్ వచ్చింది కాబట్టి మాత్రలు చాలని అనుకోకూడదని ఇప్పుడు డ్యూటీలో ఉన్న పిల్ల డాక్టర్లకు నేనే ఫోన్ చేసి చెబుతున్నాను.

మా సర్జన్ చేసింది మొదట గీకడం. చచ్చిన కండ, జిగురు, పొక్కు అంతా తీసేసి, ఎర్రటి నెత్తురు కనిపించేదాకా శుభ్రం చేశారు. దాన్ని డీబ్రైడ్‌మెంట్ అంటారు. అమ్మ బయట కూర్చుని ఏడ్చింది, పుండు మానడానికి వస్తే ఇంకా పెద్దది చేశారని. అప్పుడు నాకు ఆ స్క్విడ్ గుర్తొచ్చింది. అది రోజూ తెల్లవారుజామున తన లోపలి బ్యాక్టీరియాలో 90 శాతానికి పైగా బయటికి నెట్టేస్తుంది. గుంపు పలచబడగానే వెలుగు ఆగిపోతుంది. పగలంతా మిగిలినవి మళ్లీ పెరిగి, రాత్రికి కోరం కుదిరి మళ్లీ వెలుగుతాయి. పుండును గీకినప్పుడు జరిగేదీ ఇంచుమించు అదే. గుంపును పలచన చేస్తున్నాం, జిగురు తీసేస్తున్నాం, చిక్కబడిన సంకేతాన్ని కడిగేస్తున్నాం. మిగిలినవి ఒకటి రెండు రోజుల్లో మళ్లీ కూడగట్టుకుంటాయి. ఆ మధ్యలో యాంటీబయోటిక్ అందితే దాని దెబ్బ గట్టిగా తగులుతుంది. అమ్మకు ఇదంతా చెప్పలేదు. "పాచి తీయకుండా రంగేస్తే గోడకు పడుతుందా అమ్మా" అన్నాను. ఆమెకు అది చాలింది.

స్టాఫిలోకాకస్ గురించి కూడా కొంచెం చెప్పాలి, అది కూడా ఆ పుండులోనే ఉంది కదా. దాని సంకేతం కొవ్వు తోక అణువు కాదు. ఏడు నుంచి తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న దండ. ఆ దండ కణంలోపలికి పోదు. బయటే పొర మీదున్న ఏజీఆర్-సి అనే ప్రోటీన్‌ను తడుతుంది, అది లోపలున్న ఏజీఆర్-ఎ కి కబురు చేరవేస్తుంది. అప్పుడు ఆర్ఎన్ఏ-3 అనే అణువు తయారవుతుంది. అది వచ్చాక స్టాఫ్ పని తీరే మారిపోతుంది. అంతవరకూ కండకు అతుక్కునే ప్రోటీన్లు చేసుకుంటూ ఉన్నది, వాటిని తగ్గించి విషాలు చేయడం మొదలుపెడుతుంది. ప్లేటు మీద నెత్తురును కరిగించిన తేట వలయం ఆ విషాలదే. ఇంకో విశేషం, స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో ఈ సంకేతాలు నాలుగు రకాలు. చాలావరకు ఒక రకం సంకేతం ఇంకో రకం వాటి చెవులు మూసేస్తుంది. ఒకే జాతిలో ఇన్ని వర్గాలు!

ఇంతవరకు చదివి, గుంపైతే దాడి చేస్తాయి, ఒంటరిగా ఉంటే ఊరుకుంటాయి అని లెక్క వేసుకోకండి. నేను చాలాకాలం అట్లాగే అనుకున్నాను. కలరా బ్యాక్టీరియా ఆ లెక్కను తిప్పేస్తుంది. మా అవ్వ చిన్నప్పుడు ఊళ్లో వాంతిభేదులు తగిలితే పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి లేకుండా పోయేవారని చెప్పేది. ఒంట్లో నీళ్లన్నీ తోడేసే ఆ విషాన్ని 1959లో కోల్‌కతాలో శంభునాథ్ డే చూపించాడు. విబ్రియో కలరే ఆ విషాన్ని తక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు చేస్తుంది. పేగు గోడకు అతుక్కునేదీ అప్పుడే. గుంపు పెరిగాక హాప్-ఆర్ అనే ప్రోటీన్ తయారై విషం జన్యువులను, జిగురు జన్యువులను రెండింటినీ అణిచేస్తుంది. ఎందుకంటే దాని ఆట వేరు. సూడోమొనాస్‌కు పుండులో నెలల తరబడి ఉండాలి. కలరాకు త్వరగా పెరిగి, విరేచనంతో బయటపడి, నీళ్లలో కలిసి ఇంకో మనిషిని చేరాలి. వినే పద్ధతి ఒకటే, విన్నాక చేసే పని ఎవరి బతుకుతెరువును బట్టి వాళ్లది.

అయితే ఈ సంకేతం వినపడకుండా చేసే మందు ఉంటే? మందును తట్టుకునే బ్యాక్టీరియాలు పెరిగిపోతున్న ఈ రోజుల్లో, చంపకుండా చెవుడు తెప్పించడం మంచి ఆలోచనే. 2000లో మట్టిలో ఉండే ఒక బాసిల్లస్‌లో ఈ సంకేతపు వలయాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ దొరికింది. మరుసటి సంవత్సరం ఆ జన్యువును పొగాకు, బంగాళాదుంప మొక్కల్లో పెట్టి, మెత్తకుళ్లు తెగులు తెచ్చే ఎర్వినియాను తట్టుకోగలవని చూపించారు. ఎర్వినియా కూడా కోరం కుదిరాకే కాయను కుళ్లబెట్టే ఎంజైమ్‌లు గట్టిగా వదులుతుంది. మదనపల్లె మార్కెట్లో టమాటా బాక్సులు దించేటప్పుడు అడుగున నీరుగారిపోయిన కాయలు చూసినప్పుడల్లా నాకు ఈ ప్రయోగం మనసులో మెదులుతుంది. మన ఒంట్లో కూడా పారాక్సోనేస్ అనే ఎంజైమ్‌లు సూడోమొనాస్ చేసే ఆ 12 కార్బన్ల సంకేతాన్ని విరగ్గొట్టగలవు. అజిత్రోమైసిన్ మందు సూడోమొనాస్‌ను నేరుగా చంపలేకపోయినా దాని సంకేతాలను తగ్గిస్తుందని చూశారు.

వెల్లుల్లిలోని అజోయిన్ అనే పదార్థం కూడా ప్రయోగశాలలో సూడోమొనాస్ సంకేతాలను అణుస్తుంది. ఈ మాట నేను భయపడుతూనే రాస్తున్నాను, ఎవరైనా వెల్లుల్లి దంచి పుండు మీద కడతారేమోనని. దయచేసి కట్టకండి. పచ్చి వెల్లుల్లి చర్మాన్ని కాలుస్తుంది. స్పర్శ లేని షుగరు కాలికి ఆ మంట కూడా తెలియదు. గాజు గిన్నెలో కొలిచి వేసిన శుద్ధమైన అణువు వేరు, రోట్లో నూరిన ముద్ద వేరు. పసుపూ అంతే. మా ఇంట్లో మొదటి రోజు పెట్టిన పసుపు కింద గాయం ఎంత లోతుందో ఎవరికీ కనిపించలేదు.

చెవుడు తెప్పించే మందులకు ఇంకో చిక్కు కూడా ఉంది. చెరువు పూడిక తీయడానికి ఇంటికొకరు రావాలని ఊరంతా అనుకుంటే, రానివాళ్లు కూడా నీళ్లు పారించుకుంటారు. సూడోమొనాస్‌లోనూ లాస్-ఆర్ పాడైపోయిన కణాలు ఉంటాయి. ఎంజైమ్ చేసే ఖర్చు వాటికి లేదు, పక్కవి చేసిన ఎంజైమ్ కరిగించిన తిండి మాత్రం తింటాయి, గుంపులో వేగంగా పెరుగుతాయి. 2007లో దీన్ని ప్రయోగాలతో చూపించారు. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో ఉండిపోయిన సూడోమొనాస్‌లో ఇటువంటివి తరచూ దొరుకుతాయి. వినడం మానేసినవి కూడా రోగిని వదల్లేదన్నమాట. అందుకే సంకేతం మూసేస్తే అంతా అయిపోతుందని నేను నమ్మను. గీకడం, కడగడం, షుగరు అదుపు, కాలి మీద బరువు పడకుండా చూడడం, సరైన మందు, వీటి పక్కన ఇంకొకటిగా వస్తే సంతోషిస్తాను.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను ఈ సంకేతాన్ని కళ్లతో చూశాను. క్రోమోబాక్టీరియం వయొలేసియం అనే బ్యాక్టీరియాలో తన సంకేతం తాను చేసుకోలేని రకం ఒకటి ఉంది. ఒంటరిగా ప్లేటు మీద తెల్లగా ఉంటుంది. దాని పక్కన నీళ్ల నుంచి తీసిన ఇంకో బ్యాక్టీరియాను గీశాను. మర్నాడు పొద్దున చూస్తే రెండు గీతలు దగ్గరగా ఉన్నచోట తెల్ల గీత నేరేడుపండు రంగుకు తిరిగింది. దూరమయ్యేకొద్దీ రంగు పలచబడి మళ్లీ తెలుపు. గాలి కదలని, చప్పుడు లేని ఆ ప్లేటులో ఒకటి అన్న మాట ఇంకొకటి వింది. ఆ ప్లేటును ఫ్రిజ్‌లో రెండు వారాలు దాచుకున్నాను.

నాయనకు మూడుసార్లు డీబ్రైడ్‌మెంట్ చేశారు. ఎక్స్‌రేలో ఎముక దెబ్బతిన్నట్టు కనిపించడంతో బొటనవేలు పైకణుపు దాకా తీసేశారు. ఐదు వారాలు ముందుగా తెరిచి ఉంటే ఆ వేలు మిగిలేదని నేను గట్టిగా నమ్ముతాను. వేలు పోయిన రాత్రి నాయన ఏమీ అనలేదు. పొద్దున లేచి "చెప్పు నిలుస్తాదా పాపా" అని మాత్రం అడిగాడు.

నెలా పదిరోజులుగా డ్రెస్సింగ్ నేనే చేస్తున్నాను. విప్పగానే మొదట వాసన చూస్తాను. తర్వాత గాజుగుడ్డను ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని రంగు చూస్తాను. స్కేలుతో పొడవు, వెడల్పు కొలిచి క్యాలెండర్ మీద ఆ తేదీ గళ్లో రాస్తాను. మొదటి గళ్లో 4.5, 3 అని ఉంది. నిన్న ఆదివారం గళ్లో 1.2, 0.8. ఎడమకాలికి ఏమీ కాలేదు, అయినా టార్చి వేసి వేళ్ల సందులు, మడమ వెనక కూడా చూస్తున్నాను. నాయన కాలు ముందుకు చాపి, పైకి చూస్తూ కూర్చుంటాడు. అమ్మ టార్చి పట్టుకుంటుంది.